మందుల గదిలో పరీక్ష

ఆసుపత్రి మందుల గదిలో, మాత్రలను పొట్లాలు కట్టే పొడవాటి బల్లకు ఆవల తెల్లకోటు తొడుక్కున్న పెద్దావిడ, ఈవల ఇక్కడే మందులిచ్చే సహాయకురాలి ఉద్యోగం కోసం వచ్చిన ఓ ఇంటి కోడలు కూర్చున్నారు. పక్క గదిలో సూపరింటెండెంటు ఇంటర్వ్యూలు చేస్తున్నారు. వరండాలో బెంచీలు నిండిపోవడంతో, పిలుపు వచ్చేదాకా ఇక్కడ కూర్చోమని గుమస్తా ఆ అమ్మాయిని పంపాడు. వచ్చీ రాగానే కాగితాలు చేతిలోంచి లాక్కుని ప్రశ్నలు మొదలుపెట్టిన ఈ పెద్దావిడ కూడా ఇంటర్వ్యూలో భాగమేనని ఆ అమ్మాయి రూఢి చేసుకుంది.

"ఈ మందుల కోర్సు సర్టిఫికెట్ నీదేనా?"

"నాదే మేడమ్. పేరు చూడండి."

"పేరుదేముంది, ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. వీధికొకరు అమ్ముతున్నారట కదా ఇవి?"

"అమ్మేచోటు తెలిసుంటే అన్నాళ్లు బస్సు కడ్డీ పట్టుకుని వేలాడేదాన్నా మేడమ్?"

"నోరు బాగానే ఉంది."

"భయం వేస్తే నాకు నోరు లేస్తుంది మేడమ్. మా అత్తగారు కూడా అదే అంటారు."

"అత్తగారి సంగతి తర్వాత. పాఠాలు చెప్పినవాళ్లెవరు? మందుల దగ్గర నిలబడి పనిచేసినవాళ్లా, పుస్తకం చదివి వినిపించేవాళ్లా?"

"రెండు రకాలూ ఉన్నారు. ఒకాయన చదివి వినిపించేవారు. ఆయన క్లాసులో నిద్ర ఆపుకోవడమే మాకు పెద్ద పరీక్ష. ఇంకో మేడమ్ మాత్రం పెద్ద ఆసుపత్రిలో చేసి రిటైరైనావిడ."

"ఆవిడేం నేర్పింది?"

"అనుమానించడం."

"ఏంటీ?"

"చీటీ చూసినా, పెట్టె చూసినా అనుమానించండి అనేవారు. అన్నిటికంటే ముందు మీ చేతినే అనుమానించుకోండి అనేవారు."

"బాగుంది. నేనిప్పుడు చేస్తున్నదీ అదే. మీ బ్యాచ్‌లో ఉద్యోగాలు ఎంతమందికొచ్చాయి?"

"చాలామందికి వచ్చాయని మా సెంటర్‌లో చెప్పారు."

"చాలామంది అంటే?"

"గోడ నిండా ఫొటోలున్నాయి మేడమ్. వచ్చినవాళ్లవి. దండ వేసినట్టు చుట్టూ రంగు కాగితాలు అంటించి..."

"రానివాళ్ల ఫొటోలు ఏ గోడకి తగిలించారు?"

"వాళ్లవి... వాళ్లవి ఎందుకు తగిలిస్తారు మేడమ్?"

"అదే నేనడిగేది. ఎంతమంది చేరారో చెప్పరు, ఎంతమందికి రాలేదో చెప్పరు. వచ్చినవాళ్లని మాత్రం గోడెక్కిస్తారు. సరే, గోడెక్కినవాళ్లనే తీసుకుందాం. వాళ్లకి ఆ కోర్సు వల్లే వచ్చిందా? కోర్సు చేయకపోయినా వచ్చేదా? అది ఎవరైనా చూశారా?"

"ఎలా చూస్తారు మేడమ్?"

"మీ బ్యాచ్‌లో అందరికంటే ముందు ఉద్యోగం వచ్చినమ్మాయి ఎవరు?"

"మా పక్క సీటమ్మాయి. పొడుగమ్మాయి. కోర్సు అవుతూనే వచ్చేసింది."

"ఎక్కడ?"

"వాళ్ల బాబాయి మందుల షాపులోనే మేడమ్."

"అదిగో."

"అలా అనకండి మేడమ్. నవ్వకండి."

"నేను నవ్వలేదు. నాకు నవ్వొచ్చే విషయమా ఇది? నీ సంగతి చెప్పు. ఇది చేతిలో పెట్టుకుని ఎన్ని గుమ్మాలెక్కావు?"

"తిరగని షాపు లేదు. కొందరు కాగితం చూడను కూడా లేదు. అనుభవం ఉందా అన్నారు. లేదన్నాను. అనుభవం లేకుండా ఎలా తీసుకుంటాం అన్నారు. తీసుకోకుండా అనుభవం ఎలా వస్తుందండీ అంటే, నోరు ఎక్కువుంది అన్నారు."

"మరి కోర్సు వల్ల ఒరిగిందేంటి?"

"ఇప్పటిదాకా ఏమీ లేదు మేడమ్."

"ఒప్పుకున్నావు."

"ఒప్పుకోక ఏం చేయను? కానీ ఈ ఆసుపత్రి ప్రకటనలో 'శిక్షణ పొందినవారికి ప్రాధాన్యం' అని రాశారు. ఆ ముక్క చదివాక రాత్రి అన్నం సరిగ్గా తినలేదు నేను. సంతోషంతో."

"ప్రాధాన్యం అంటే ఏంటి నీ ఉద్దేశంలో?"

"అంటే... ముందు మమ్మల్ని చూస్తారని."

"మిగతావాళ్లని తర్వాత చూస్తారనా? అసలు చూడరనా?"

"అది మీకే తెలియాలి మేడమ్."

"నాకెలా తెలుస్తుంది? అదే... నువ్వేమనుకుంటున్నావో తెలుసుకుందామని అడిగాను. మీ సెంటర్‌లో ఏమన్నారు? అనుభవం బాగా ఉండి, కోర్సు లేనివాళ్లు వస్తే? వాళ్లని పక్కన పెట్టేస్తారన్నారా?"

"అలాంటివాళ్లతోనే మీకు పోటీ అన్నారు. జాగ్రత్తగా ఉండండి అన్నారు."

"జాగ్రత్తట. ఎందుకూ, వాళ్లేమైనా కరుస్తారా?"

"మేడమ్, నేనొకటి అడగొచ్చా?"

"అడిగేది నేను."

"ఒక్కటే. బయట బెంచీ మీద ఒకాయన అంటున్నాడు. ఈ పోస్టు లోపలి మనిషికెవరికో ముందే ఖాయమైపోయిందట. ఈ పిలవడాలు, కూర్చోబెట్టడాలు అంతా కంటితుడుపట. నిజమేనా?"

"ఎవరా పెద్దమనిషి? బొద్దు మీసాలాయనా?"

"ఆయనే."

"ఆయన వెళ్లిన ప్రతిచోటా అదే అంటాడు. రాకపోతే చెప్పుకోవడానికి ఓ కారణం సిద్ధంగా ఉంచుకుంటాడు."

"అయితే నిజం కాదా?"

"ఖాయమైతే నిన్నెందుకు పిలుస్తారు?"

"పిలవాలని రూలుంటుంది కాబట్టి పిలిచారేమో."

"నీకు అనుమానం బాగానే అబ్బింది. మీ మేడమ్ పుణ్యం."

"మీరు సమాధానం చెప్పలేదు మేడమ్."

"నాకూ తెలీదు. ఖాయమైందని ఎవరైనా నాకు చెప్పుంటే నేనిక్కడ ఇంత... వదిలెయ్. కిటికీ దగ్గర ఎవరో ముసలాయన పిలుస్తున్నాడు, ఉండు."

"అమ్మా! కాస్త ఈ చీటీ చూస్తావా తల్లీ? నిలబడి కాళ్లు లాగేస్తున్నాయి."

"ఇలా ఇవ్వండి తాతగారూ. బీపీకి ఒకటి, కడుపులో మంటకి ఒకటి. ఒక్క నిమిషం... ఇదిగో, అయిపోయింది. లోపల ఫార్మసిస్టు గారి బల్ల మీద పెడుతున్నాను. ఆయన ఓసారి చూసి ఆ రెండో కిటికీ దగ్గర పిలుస్తారు. బెంచీ ఉంది, కూర్చోండి. కింద తడిగా ఉంది, చూసి నడవండి."

"చల్లగా ఉండు తల్లీ."

"చూశావా? దీనికి కోర్సు కావాలా?"

"మీ చేయి కనబడలేదు మేడమ్. అంత వేగం. నాకు దీనికి మూడింతలు పడుతుంది."

"మరి?"

"ఏం లేదు మేడమ్."

"ఏం లేదంటే ఏదో ఉందనే. నీ కళ్లు ఆ అలమార మీంచి రావడం లేదు. చెప్పు."

"చెబితే మీకు కోపమొస్తుంది. నాకు ఈ ఉద్యోగం కావాలి."

"చెప్పకపోతే ఎక్కువొస్తుంది."

"మాత్రలు తీసిన డబ్బాలు మీరు వెంటనే అలమారలో సర్దేశారు."

"సర్దకపోతే? బల్లంతా సంతలా ఉంచాలా? నా బల్ల అద్దంలా ఉంటుందని నర్సులు కూడా అంటారు."

"అద్దంలానే ఉంది మేడమ్. కానీ ఫార్మసిస్టు గారి దగ్గరికి చీటీ, పొట్లం వెళ్లాయి. ఆ మాత్రలు ఏ డబ్బాలోవో ఆయనకెలా తెలుస్తుంది? పొట్లం మీద ఉన్నది మీరు రాసిన పేరే కదా. మీరు పొరబడితే ఆ పేరూ మీతోపాటే పొరబడుతుంది."

"ఓహో."

"ఆయన చూసేదాకా డబ్బా కూడా పక్కనే ఉంచాలని మా మేడమ్..."

"నిన్నెవరు పంపించారు?"

"ఏంటి మేడమ్?"

"నిజం చెప్పు. సూపరింటెండెంటా? ఆ గుమస్తానా? బెంచీలు నిండాయట, ఇక్కడ కూర్చోబెట్టారట! నా బల్ల దగ్గర ఏం జరుగుతోందో చూసి లోపలికెళ్లి పితూరీ చెప్పమన్నారా?"

"అయ్యో మేడమ్! ఒట్టు, నాకెవరూ తెలీదు ఇక్కడ. గుమస్తా గారి మొహం కూడా ఇవాళే చూశాను."

"మరి వచ్చి కూర్చున్న కాసేపటికే నా చేతిలో తప్పెలా పట్టావు?"

"తప్పనలేదు మేడమ్. మీరు తీసింది సరైన మందే అయ్యుంటుంది."

"అయ్యుంటుంది కాదు, సరైనదే. కళ్లు మూసుకుని తీస్తాను నేను."

"మీకు తెలుసు మేడమ్. ఆయనకి తెలియాలంటే మాత్రం మిమ్మల్ని నమ్మాలి. నమ్మడం వేరు, సరిచూడడం వేరు అనేవారు మా మేడమ్. నేనిలా వాగి ఉండకూడదు. చెప్పమన్నారని చెప్పాను. మార్కులు తీసేయకండి."

"ఆయన ఎప్పుడూ అడగలేదే."

"ఎవరు మేడమ్?"

"ఫార్మసిస్టు. ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా డబ్బా ఏదమ్మా అని అడగలేదు."

"మీ మీద అంత నమ్మకం అయ్యుంటుంది."

"నమ్మకమో, అసలు చూడ్డమే మానేశాడో. ఇన్నాళ్లూ ఆయన చూస్తాడని నేను, నేను చూశానని ఆయన... సరే. ఇది లోపల అడుగుతారంటావా? అడిగితే ఏమని చెప్పాలి?"

"ఎవరు మేడమ్?"

"నువ్వు. నువ్వేమని చెబుతావు అని."

"ఇప్పుడు చెప్పిందే చెబుతాను. చీటీ, డబ్బా, పొట్లం మూడూ ఒకచోట ఉంచి పంపుతానని. తీసేటప్పుడు ఒకసారి, పోసేటప్పుడు ఒకసారి, డబ్బా లోపల పెట్టేటప్పుడు ఒకసారి పేరు చదువుతానని."

"తీసేటప్పుడు, పోసేటప్పుడు, పెట్టేటప్పుడు."

"అవును మేడమ్."

"ఊఁ. మరి ఇది చెప్పు. ఫార్మసిస్టు సీట్లో లేడు. కిటికీ దగ్గర పదిమంది. ముందున్నాయన అద్దం మీద కొడుతున్నాడు, మా ఆవిడకి ఆయాసం, మందిస్తావా చస్తావా అని. మీ పుస్తకంలో ఏం రాశారు?"

"ఫార్మసిస్టు వచ్చేదాకా ఆగాలి."

"ఎంతసేపు?"

"వచ్చేదాకా..."

"ఆవిడకి ఆయాసం అంటున్నాను."

"మరి... ఆయన్ని వెతకమని ఎవరినైనా పంపిస్తాను."

"ఎవర్ని పంపిస్తావు? గదిలో ఉన్నది నువ్వొక్కదానివే."

"తెలీదు మేడమ్. ఇది మాకెవరూ చెప్పలేదు."

"చెప్పరు. ఆవిడెక్కడుందని అడగాలి ముందు. మనిషి ఇక్కడే ఉంటే మందు కోసం కిటికీ దగ్గర నిలబడకూడదు, చక్రాల కుర్చీలో అత్యవసరం గదికి తోయాలి. మందు తర్వాత. అరిచేవాడికి ఏదో ఒక పని చేతికివ్వాలి, అప్పుడు అరవడం మానేస్తాడు. కుర్చీ తొయ్యమను. గుర్తుంచుకో."

"ఇది చాలా బాగుంది మేడమ్. రాసుకోవచ్చా?"

"రాయక్కర్లేదు. మేడమ్ కూడా అనక్కర్లేదు. అక్కా అను. ఇక్కడ స్వీపర్ నుంచి డాక్టర్ దాకా అందరూ అదే అంటారు. మేడమ్ అంటుంటే వెనకాల ఎవరో నిలబడ్డట్టు ఉంది నాకు."

"సరే అక్కా."

"పిల్లల సిరప్ లెక్క నేర్పారా?"

"నేర్పారు."

"చెప్పు."

"ఏది చెప్పమంటారు?"

"ఏదో ఒకటి. జ్వరం సిరప్. మొదటి నుంచి చెప్పు. ఏమీ తెలియనివాళ్లకి చెప్పినట్టు చెప్పు."

"ముందు పిల్లాడి బరువు తెలియాలి. పన్నెండు కిలోలు అనుకుందాం. కిలోకి పదిహేను మిల్లీగ్రాముల చొప్పున డాక్టర్ రాశారు. పన్నెండు పదిహేనులు నూట ఎనభై."

"నూట ఎనభై. ఇదివరకు డాక్టర్లే ఎన్ని చెంచాలో రాసేవాళ్లు. ఇప్పుడు వచ్చిన కుర్ర డాక్టర్లు కిలోకింత అని రాసి వదిలేస్తున్నారు. ఊఁ, ఆ తర్వాత?"

"సీసా మీద చూడాలి. ఐదు మిల్లీలీటర్లలో నూట ఇరవై మిల్లీగ్రాములు అని ఉంది. అంటే ఒక మిల్లీలీటరులో ఇరవై నాలుగు."

"ఆగు. ఇరవై నాలుగు ఎలా వచ్చింది?"

"నూట ఇరవైని ఐదుతో భాగించాను అక్కా."

"ఎందుకు భాగించాలి? అంటే, నీకు కారణం తెలుసా అని."

"ఐదు గిన్నెల్లో సమానంగా పోసినట్టు. ఒక్కో గిన్నెలో ఎంతుందో తెలియాలి కదా. తర్వాత మనకి కావలసిన నూట ఎనభైలో అలాంటి ఇరవై నాలుగులు ఎన్నున్నాయో చూడాలి. ఏడున్నర. అంటే ఏడున్నర మిల్లీలీటర్లు పోయాలి. ఇది కూడా ఫార్మసిస్టు సరిచూశాకే ఇవ్వాలి."

"ఐదు గిన్నెలు. మళ్లీ ఓసారి చెప్పు."

"మొత్తమా?"

"మొత్తం. నెమ్మదిగా. మొదటిసారి గబగబా చెప్పేశావు, బట్టీ పట్టావేమోనని అనుమానంగా ఉంది."

"బట్టీ కాదక్కా. బరువుని కిలోకి ఎంతో దానితో హెచ్చవేయాలి. సీసాలో ఒక మిల్లీలీటరుకి ఎంతుందో కనుక్కోవాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. అంతే. నేను మా అత్తగారి మీద సాధన చేశాను. ఆవిణ్ణి పసిపిల్ల అనుకుని రోజూ తూచేదాన్ని. బతికుండగానే నా మీద ప్రయోగాలు చేస్తోందీ పిల్ల అని చుట్టుపక్కల అందరికీ చెప్పింది."

"అత్తగారు నీ పక్షమేనా?"

"ఆవిడొక్కరే. మా పిల్లాణ్ణి చూసుకున్నది ఆవిడే, నన్ను కోర్సుకి తోలిందీ ఆవిడే. మా ఆయన మాత్రం ఇదే ఆఖరిసారి అన్నాడు. ఈ పోస్టు రాకపోతే సర్టిఫికెట్ బీరువాలో పెట్టి, రేపటి నుంచి మళ్లీ వాళ్లన్నయ్య బట్టల కొట్లో కూర్చోమన్నాడు."

"బట్టల కొట్టేం తక్కువ?"

"తక్కువని కాదక్కా. పెళ్లైన దగ్గర్నుంచి కోర్సులో చేరేదాకా ఆ కొట్లోనే ఉన్నాను. మా బావగారు నన్ను పేరుపెట్టి కూడా పిలవడు. 'ఆ లోపల ఎవరు, ఆ చీర తియ్యండి' అంటాడు. సాయంత్రానికి మడతపెట్టిన చీరల మధ్య నేనూ ఓ చీరలా ఉండేదాన్ని. నాకో పని వచ్చు అని ఎవరైనా అనాలని ఉంది. అంతే."

"అనేవాళ్లు లేకపోతే వచ్చిన పని రానట్టా?"

"మీకేం, మీకు ఇక్కడ అందరూ అంటారు."

"అంటారు, అంటారు. అక్క లేకపోతే పని జరగదంటారు. నోటితో అనడానికి కాగితం అక్కర్లేదుగా."

"అక్కా, కోపం రానంటే ఒకటడుగుతాను. మీరు కోర్సు చేశారా?"

"నేను చేరినప్పుడు కోర్సులెక్కడివి? అప్పటి ఫార్మసిస్టు గారు చేయి పట్టుకుని నేర్పారు. మొదటి నెలంతా సీసాలు తుడిపించారు. రెండో నెల పేర్లు చదివించారు. తప్పు చదివితే ఆ రోజు టీ లేదు."

"అదీ శిక్షణేగా మరి!"

"ఆయన పోయారు. నాకు నేర్పానని చెప్పేవాళ్లు ఇంకెవరున్నారు?"

"మీకెవరు చెప్పాలి అక్కా? మీరు అడిగే కుర్చీలో ఉన్నారు. చెప్పుకోవాల్సింది మావంటివాళ్లం."

"ఆ గుడ్డ ఇలా అందుకో."

"ఏంటక్కా, అద్దంలా ఉన్న బల్లనే మళ్లీ తుడుస్తున్నారు? నేను తుడవనా?"

"వద్దు. నాకు అలవాటు. నువ్వొకటి చెప్పు, నిజం చెప్పు. నీకీ ఉద్యోగం వచ్చిందనుకో. అది కోర్సు వల్లే వచ్చిందని నమ్ముతావా?"

"నమ్మనక్కా. కోర్సు గుమ్మం దాకా తెచ్చిందంటాను. తర్వాతది నాకు తెలీదు. మీరు వేసే మార్కుల మీద ఉంటుంది, ఇంకా ఎవరెవరు వచ్చారో దాని మీద ఉంటుంది. నిజంగానే లోపలి మనిషి ఎవరైనా ఉంటే, దాని మీద కూడా ఉంటుంది."

"లోపలి మనిషి మీద నీకు బాగా కోపంగా ఉన్నట్టుంది."

"ఉండదా మరి? మేమింత కష్టపడి వస్తే, ఎవరో తెలిసినవాళ్లని అడ్డం పెట్టుకుని దర్జాగా వచ్చి కూర్చుంటే?"

"దర్జాగా."

"కాదా?"

"ఏమో. నేను చూడలేదు."

"అమ్మా, లోపల పిలుస్తున్నారు. బెంచీల మీదవాళ్లంతా అయిపోయారు, ఇంక మీరిద్దరే మిగిలారు. ముందు ఎవరొస్తారో తొందరగా తేల్చుకోండి. సూపరింటెండెంటు గారు భోజనానికి లేచిపోతారు."

"ఇద్దరేంటండీ గుమస్తా గారూ? ఈ గదిలో ఇంటర్వ్యూకి వచ్చింది నేనొక్కదాన్నే."

"నా దగ్గర ఇద్దరనే ఉందమ్మా. ఆవిణ్ణే అడుగు."

"అక్కా, ఏంటీయన ఇద్దరంటాడు? ఇంకొకరెవరు? అక్కా... మీరెందుకు లేచారు?"

"ముందు నన్ను వెళ్లనీ తల్లీ. తాత్కాలికం, తాత్కాలికం అంటూ ఇన్నేళ్లు నాచేత చేయించిన ఈ ఉద్యోగానికి, నీతోపాటు నేనూ దరఖాస్తు పెట్టుకున్నాను."